ఫయోల్ సూత్రాలు గుర్తుండాలంటే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లు
తమ్ముడూ, మేనేజ్‌మెంట్ గురించి హెన్రీ ఫయోల్ చెప్పిన 14 సూత్రాలు ఎంత బట్టీపట్టినా పరీక్ష హాల్లో కలగాపులగం అవుతున్నాయని, గ్రూప్ ప్రాజెక్టులో లీడర్‌గా నీ మాట ఎవరూ వినట్లేదని రాశావు. బీబీఏలో నాకూ ఇదే టెన్షన్ ఉండేది.

ఒకరోజు తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లు. బోటు జెట్టీకి చేరేటప్పుడు బోటు నడిపే సరంగు ఒక్కడే చెబుతాడు, తాడు విసిరే కలాసీ (బోటు పనివాడు) ఇంకెవరి వైపూ చూడడు. ఒకే అధికారి ఆదేశం అంటే అదే. చేపల్లో ఒకరు వంజరం, ఇంకొకరు కానాగంతలు ఏరి బుట్టల్లో పోస్తారు, అది పని విభజన. అమ్మకం డబ్బులో కలాసీలకు వాటా, అది ప్రతిఫలం. ఫయోల్ కూడా ఇలా పనిచోట నేర్చుకున్నవాడే, గని ఇంజనీరు. 1916లో ఆయన ఈ సూత్రాలు రాసింది గనుల కంపెనీ నడిపిన అనుభవంతోనే.

గ్రూప్ విషయానికొస్తే, పనులు నువ్వే పంచకు. ఎవరికి ఏది వచ్చో అడిగి, ఒక్కో పనికి ఒక్క పేరు, ఒక తేదీ కాగితం మీద రాయించు. చేయనివాడితో విడిగా మాట్లాడు. మా గ్రూపులో స్లైడ్లు ఇవ్వని అబ్బాయి రాత్రిళ్లు దుకాణంలో పనిచేస్తున్నాడని అలాగే తెలిసింది. పగటిపూట చేసే సర్వే ఇచ్చాం, అందరికంటే ముందే తెచ్చాడు.