టెక్ సందేహాలు: స్పీడుంది, మాటే ముక్కలవుతోంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. వీధిలో ఫైబర్ లేదు, పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ పోయింది, మేడమీద యాంటెనా డబ్బా బిగించి వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చారు. ఇక ఫోనైనా, సినిమాలైనా దానిమీదే. సినిమా బ్రహ్మాండంగా ఆడుతోంది, ఫోనే ఏడిపిస్తోంది. అందుకే ప్రింటర్లు, పాస్‌వర్డ్‌ల ప్రశ్నలు వచ్చే వారానికి వాయిదా వేసి, ఈసారి ఫోన్ల సంగతే చూద్దాం.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మాది కమీషన్ కొట్టు. 100 ఎంబీపీఎస్ వైర్‌లెస్ ప్లాన్ మీద మూడు ఇంటర్నెట్ ఫోన్లు పెట్టాం. పొద్దున్నే బాగుంటాయి. పదకొండు దాటాక అవతలివాళ్ల మాట మాకు బాగానే వినపడుతుంది గానీ, మాది వాళ్లకి ముక్కలు ముక్కలుగా వెళ్తోందట. రేటు చెప్తే “ఎంతా, ఎంతా” అని మూడుసార్లు అడుగుతున్నారు. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 90కి తగ్గదు. కంపెనీవాళ్లు 300 ప్లాన్‌కి మారమంటున్నారు. మారాలా?

జవాబు: ఇప్పుడే మారకండి. ముందు ఫోన్‌కి అసలు ఎంత కావాలో లెక్క చూడండి.

ఇంటర్నెట్ ఫోన్లలో ఎక్కువగా వాడే జీ.711 పద్ధతిలో మీ గొంతును సెకనుకి 8000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 8 బిట్లు, అంటే సెకనుకి 64 కిలోబిట్లు. దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో ప్యాకెట్‌లో పెట్టి పంపిస్తారు. ప్యాకెట్‌లో మాట 160 బైట్లు, దానిమీద చిరునామాల ఖర్చు ఇంకో 40 బైట్లు. సెకనుకి 50 ప్యాకెట్లు కాబట్టి మొత్తం 80 కిలోబిట్లు. మూడు ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా ఒక్కో దిక్కుకి 240 కిలోబిట్లు. మీ 100 ఎంబీపీఎస్‌లో ఇది పావు శాతం కూడా కాదు. 300 ప్లాన్ తీసుకుంటే బిల్లు పెరుగుతుంది, “ఎంతా, ఎంతా” మాత్రం అలాగే ఉండొచ్చు.

ఫోన్‌కి కావలసింది వేగం కన్నా వేళ. ప్రతి 20 మిల్లీసెకన్లకూ ఒక ప్యాకెట్ ఠంచనుగా అవతలికి చేరాలి. సినిమా అయితే ముందే అర నిమిషం సరుకు దాచుకుని నింపాదిగా చూపిస్తుంది. మాట్లాడే మనిషి మాటను అలా దాచిపెట్టలేం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ చెప్తుంది. దానికన్నా బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయే నాటకం మొదలవుతుంది.

మీ ఉత్తరంలో అసలు ఆచూకీ ఒకటుంది. వాళ్ల మాట మీకు బాగుంది, మీదే వాళ్లకి ముక్కలవుతోంది. అంటే అనుమానించాల్సింది డౌన్‌లోడ్‌ని కాదు, అప్‌లోడ్‌ని. పదకొండు గంటలకి మీ కొట్లో ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. లాట్ల ఫొటోలు, టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పి చూపించే వీడియోలు వాట్సాప్‌లో కొనేవాళ్లకి పోతుంటాయి. సీసీ కెమెరాలు ఉంటే వాటి రికార్డింగ్ క్లౌడ్‌లోకి ఎక్కుతుంటుంది. వైర్‌లెస్ ప్లాన్లలో చాలావాటికి అప్‌లోడ్ డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువ. మీది 10 ఎంబీపీఎస్ అనుకుందాం. రౌటర్ బయట మొత్తం 500 కిలోబైట్ల ఫొటోలు క్యూ కట్టి ఉంటే, వాటి వెనక నిలబడ్డ మీ మాటకి 400 మిల్లీసెకన్ల తర్వాత గానీ వంతు రాదు. అవతలి ఫోన్ అంతసేపు ఎదురుచూడదు. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను అవతల పారేస్తుంది. మీ ధరలో “పదహారు” పోయి “వేలు” మాత్రం వినపడటం అందుకే.

నమ్మకం లేకపోతే రేపే చూడండి. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 8.8.8.8 కొట్టండి, ఆగకుండా నడిచే ఆప్షన్‌తో. ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో ఇది చూపిస్తుంది. పొద్దున్నే 20, 30 మిల్లీసెకన్లు చూపిస్తుంది. అది నడుస్తుండగానే ఫోన్‌లోంచి ఒక పెద్ద వీడియో పంపండి. అంకె 300, 400కి ఎగిరితే దొంగ దొరికినట్టే.

మందు కూడా మీ రౌటర్‌లోనే ఉంది. ఏ ప్యాకెట్ ముందు పోవాలో నిర్ణయించే క్యూఓఎస్ అనే సెట్టింగులో ఫోన్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. దాంతోపాటు మొత్తం అప్‌లోడ్‌ను కొలిచిన దానిలో 85 శాతానికి కట్టడి చేయండి. ఈ రెండో పని చాలామంది చేయరు. అది చేయకపోతే మొదటిది దండగ, ఎందుకంటే క్యూ మీ రౌటర్‌లో కాకుండా మేడమీద డబ్బాలో పెరుగుతుంది, అక్కడ మీ మాట సాగదు. అప్‌లోడ్ కొలిచేది పొద్దున ఆరింటికి కాదు, బేరాలు జోరుగా ఉన్నప్పుడు. కెమెరాలుంటే క్లౌడ్‌లోకి వెళ్లే నాణ్యత తగ్గించండి.

ఇదంతా చేసినా బాగుపడకపోతే తప్పు గాలిది. వైర్‌లెస్‌లో ఒక చిక్కు ఉంది. ప్యాకెట్ చిన్నదైనా పెద్దదైనా దాన్ని గాల్లోకి పంపే ముందు తతంగం ఒకటే. పండిట్ నెహ్రూ బస్టాండులో యాభై సీట్ల బస్సు ఒక్క ప్రయాణికుణ్ని ఎక్కించుకుని బయల్దేరినట్టుంటుంది ఫోన్ ప్యాకెట్ పరిస్థితి. మీ మూడు ఫోన్లు రానూపోనూ సెకనుకి 300 బస్సులు. అదే బేస్ స్టేషన్ (మీ యాంటెనాకి సిగ్నల్ ఇచ్చే కంపెనీ కేంద్రం) కింద ముప్ఫై కొట్లున్నాయనుకోండి, డేటా లెక్కలో ఖాళీగా కనపడుతూనే గాలి నిండిపోతుంది. అందుకే మాటను ఇంకా కుదించే జీ.729 పద్ధతి పెట్టి 64 కిలోబిట్లను 8కి తగ్గించినా వైర్‌లెస్‌లో ఆశించినంత లాభం ఉండదు. ప్రయాణికుడు సన్నబడ్డాడు గానీ బస్సులు తగ్గలేదు కదా. దానికంటే ఫోన్ సెట్టింగుల్లో ప్యాకెట్ వ్యవధిని 20 నుంచి 40 మిల్లీసెకన్లకి మార్చి చూడండి, బస్సులు సగమవుతాయి. ఆలస్యం కాస్త పెరుగుతుంది, మిరపకాయల బేరానికి ఆమాత్రం ఫర్వాలేదు.

ప్రశ్న: మొగల్రాజపురంలో మా ఇంటి ఎదురుగా ఉన్న టవర్ నుంచే మొబైల్ సిగ్నల్, అక్కడి నుంచే ఇంటి ఎయిర్ బ్రాడ్‌బ్యాండ్. మొబైల్‌లో మాట్లాడితే గాజు మీద గీసినట్టు స్పష్టం. అదే బ్రాడ్‌బ్యాండ్ మీద ఆఫీసు ఇంటర్నెట్ ఫోన్ యాప్ వాడితే రాత్రి ఎనిమిదింటికి నరకం. టవర్ ఒకటే కదా?

జవాబు: టవర్ ఒకటే, లైన్లు వేరు. 4జీలో మీ మొబైల్ కాల్‌కి నెట్‌వర్క్ ప్రత్యేకంగా ఒక దారి తెరుస్తుంది. దానికి కావలసిన వేగం ముందే ఖాయం, అనుమతించే ఆలస్యం 100 మిల్లీసెకన్లు. ఇంజనీర్ల భాషలో ఈ తరగతి పేరు క్యూసీఐ 1. మీ ఆఫీసు యాప్‌లో మాట మాత్రం మామూలు డేటా కిందే లెక్క. అది ఎక్కువగా క్యూసీఐ 9లో పోతుంది, పక్కింటివాళ్ల సీరియల్‌తో, కింద ఫ్లాట్ కుర్రాడి గేమ్ డౌన్‌లోడ్‌తో కలిసి. ఆలస్యం హద్దు 300 మిల్లీసెకన్లు, వేగానికి హామీ లేదు. గుడిలో ప్రత్యేక దర్శనం టికెట్టుకీ ధర్మదర్శనానికీ ఉన్న తేడా. 5జీలోనూ ఏర్పాటు ఇలాంటిదే.

కాబట్టి ముఖ్యమైన కాల్ అయితే మొబైల్ నంబరుకి మళ్లించుకోండి. కంపెనీ ఇచ్చిన డబ్బా వెనక ల్యాండ్‌లైన్ పిన్ను పట్టే సాకెట్ ఉంటే దాన్నీ ఒకసారి వాడి చూడండి. ఆ కాల్ కంపెనీ సొంత వాయిస్ సర్వర్‌కి పోతుంది గనక, దానికి వాళ్లు వేరే దారి ఇచ్చే వీలుంది. అందరూ ఇస్తారని మాత్రం నేను హామీ ఇవ్వను.

ప్రశ్న: వాన పడితే మా వైర్‌లెస్ ఫోన్ బొంగురుపోతోంది. చినుకులు సిగ్నల్‌ని మింగేస్తాయా?

జవాబు: మీ యాంటెనా 5 గిగాహెర్ట్జ్‌ది అయితే వాన చినుకుల వల్ల వచ్చే నష్టం లెక్కలోకి రాదు. 60 గిగాహెర్ట్జ్ లింకులైతే మాత్రం కుండపోతకి నిజంగానే పడిపోతాయి. మామూలు ఇళ్లలో దోషం ఎక్కువగా దారిలో ఉన్న చెట్టుది. ఎండలో ఎలాగో దారిచ్చిన వేపచెట్టు తడిసిన ఆకులతో గోడవుతుంది. లేదా కేబుల్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగి ఉంటాయి. కేబుల్ డబ్బాలోకి పోయే ముందు కిందికి వంపు తిరిగి ఉందో లేదో చూడండి. వంపు లేకపోతే నీరు తీగ వెంటే నడుచుకుంటూ లోపలికి వెళ్తుంది.

పటమటలో మా పెద్దమ్మ ఇంట్లో ఇంకో విచిత్రం చూశాను. పొద్దున మోటార్ వేశాక ఫోన్ పనిచేయదు, సాయంత్రానికి దానంతటదే బాగవుతుంది. మోటార్ వల్ల కరెంట్ తగ్గుతోందని స్టెబిలైజర్ కూడా కొనిపించారు. మేడెక్కి చూస్తే, బిగించిన కుర్రాడు రెండు మీటర్ల కేబుల్ మిగుల్చుకోవడానికి యాంటెనాని నల్లటి ప్లాస్టిక్ వాటర్ ట్యాంకు వెనక పెట్టాడు. ట్యాంకు ఖాళీగా ఉంటే సిగ్నల్ ప్లాస్టిక్‌లోంచి పోతుంది, నిండితే నీళ్లు తాగేస్తాయి. సిగ్నల్ మైనస్ 62 డీబీఎం ఉన్నది ట్యాంకు నిండేసరికి మైనస్ 81కి జారింది (సున్నాకి ఎంత దూరమైతే అంత బలహీనం). ఒక ఇనప గొట్టం, రెండు క్లాంపులు, అరగంట పని. స్టెబిలైజర్ ఇప్పుడు ఫ్రిజ్ కింద ఉంది.

ప్రశ్న: భవానీపురం నుంచి రిటైర్డ్ ఉద్యోగిని. కరెంట్ పోతే కొత్త ల్యాండ్‌లైన్ చచ్చిపోతోంది. పాతదానికి ఈ బాధ లేదు. ఇద్దరమే ఉంటాం, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ టెన్షన్ న్యాయమైనదే. పాత ఫోన్‌కి కరెంట్ కూడా అదే తీగలో ఎక్స్ఛేంజి నుంచి 48 వోల్ట్లలో వచ్చేది, అక్కడి బ్యాటరీ గదుల పుణ్యమా అని. ఇప్పటి ఫోన్ మీ ఇంటి ప్లగ్గు మీద బతుకుతుంది. రౌటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, కొనండి. కొనేముందు అడాప్టర్ మీద వోల్టేజి, ఆంపియర్లు చదివి సరిపోయేది తీసుకోండి. ఒక్క సంగతి మరవద్దు. మీకు డబ్బాలు రెండు. ఇంట్లో రౌటర్, మేడమీద యాంటెనా. యాంటెనాకి కరెంట్ గోడ దగ్గరున్న చిన్న పీఓఈ అడాప్టర్ నుంచి, డేటా పోయే కేబుల్‌లోనే పైకి పోతుంది. రౌటర్‌కి ఒక్కదానికే యూపీఎస్ పెట్టి దీన్ని వదిలేసినవాళ్లు ఎంతమందో. దాని వోల్టేజి తరచూ వేరుగా ఉంటుంది కూడా.

అయినా టవర్ దగ్గర కరెంట్ పోతే మీ యూపీఎస్ ఏమీ చేయలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అందుకని ఒక బటన్ల మొబైల్, వేరే కంపెనీ సిమ్‌తో, ఛార్జ్ చేసి పక్కన పెట్టుకోండి. అత్యవసరమైతే 112 నంబరు దాన్నుంచే కొట్టండి.

ప్రశ్న: గవర్నర్‌పేటలో మా ఆఫీసు సిప్ ఫోన్ (ఇంటర్నెట్ ఫోన్) మోగుతుంది, ఎత్తితే ఒకవైపే వినపడుతుంది. కాసేపు వాడకపోతే అసలు మోగడమే మానేస్తుంది.

జవాబు: రెండు జబ్బులకీ మూలం ఒకటే. వైర్‌లెస్ కంపెనీలు ఒక్క పబ్లిక్ చిరునామా వెనక ఎంతోమందిని కూర్చోబెడతాయి. మీ ఫోన్ బయటికి మాట్లాడినంతసేపే బయటి నుంచి మీకు కాల్ వచ్చే తలుపు తెరిచి ఉంటుంది. ముందు రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే ఆప్షన్ ఆపేయండి. సాయం చేయబోయి చిరునామాలు చెడగొట్టడం దాని అలవాటు. తర్వాత ఫోన్‌లో కీప్ అలైవ్ (తలుపు మూసుకోకుండా ఫోన్ అప్పుడప్పుడు పంపే పలకరింపు) వ్యవధి 30 సెకన్లకి పెట్టండి. అప్పటికీ మొండికేస్తే స్టాటిక్ ఐపీ, అంటే మీకంటూ మారని సొంత చిరునామా, అడగాల్సిందే.

ప్రశ్న: ఇంటర్నెట్ ఫోన్‌లోంచి బ్యాంకుకి ఫోన్ చేస్తే “తెలుగు కోసం 2 నొక్కండి” అంటుంది. ఎన్నిసార్లు నొక్కినా ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది.

జవాబు: బటన్ చప్పుడు మాటతోపాటే కుదించి పంపుతున్నారు, దారిలో అది గుర్తుపట్టలేనంతగా మారిపోతోంది. ఫోన్ సెట్టింగుల్లో డీటీఎంఎఫ్ (బటన్ చప్పుళ్లు) దగ్గర ఇన్‌బ్యాండ్ (మాటతో కలిపి పంపడం) అని ఉంటే తీసేసి, ఆర్ఎఫ్‌సీ 2833 లేదా 4733 అన్నది ఎంచుకోండి. అప్పుడు మీరు నొక్కిన 2 చప్పుడుగా కాక అంకెగానే బ్యాంకుకి చేరుతుంది.