ఒక భుజాన గిటార్, ఒక చేత ఆంప్

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. నాది బ్యాంకు ఉద్యోగం. సెలవు రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. పెళ్లిళ్లు, గుడి ఉత్సవాలు, అపార్టుమెంట్ల వేడుకలు మా వేదికలు. నా దగ్గర ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉన్న గిటార్, 100 వాట్ల ఆంప్ (యాంప్లిఫయర్), గిటార్ నాదాన్ని మార్చే ఆరు పెడళ్ల బోర్డు ఉన్నాయి. ఆటో మాట్లాడుకోనిదే ఇల్లు కదలలేకపోతున్నాను. స్కూటర్ మీద తీసుకెళ్లి, చకచకా బిగించుకోగలిగే సామాను ఏదైనా చెప్పండి.
– కె.ఆర్., కాకినాడ

జవాబు: మీరు ఆంప్ బరువు గురించి బాధపడుతున్నారు. నేనైతే ముందు గిటార్ మారుస్తాను. ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనుకునే కదిలే భాగం, తక్కెడలాంటిది. ముందు ఆరు తీగల లాగుడు, వెనక స్ప్రింగుల లాగుడు సరితూగితేనే శ్రుతి నిలుస్తుంది. ఒక తీగ తెగిందా, మిగిలిన అయిదూ ఒక్కసారే శ్రుతి తప్పుతాయి. కొత్త తీగ వేయాలంటే మెడ చివర తీగలు ఆనే నట్ దగ్గరి బిగింపులను అలెన్ కీతో విప్పాలి. గాయని పల్లవి ఎత్తుకుంది, పెళ్లికొడుకు స్నేహితులు చిందులకు లేచారు, మీరు చీకట్లో అలెన్ కీ కోసం తడుముకుంటున్నారు. అమ్మేయమని చెప్పను. ఇంట్లో వాయించుకోవడానికి దాని ముచ్చట దానిదే.

వేదిక మీదికి టెలికాస్టర్ తరహా గిటార్ తీసుకెళ్లండి. ఫెండర్ కంపెనీ 1950ల మొదట్లో తెచ్చిన నమూనా అది, ఇప్పటికీ పెద్దగా మారలేదు. కదలని బ్రిడ్జి, తీగల నాదాన్ని పట్టి ఆంప్‌కు పంపే పికప్పులు రెండు, వాల్యూమ్ ఒకటి, టోన్ ఒకటి, మూడు స్థానాల స్విచ్చు. చెడిపోవడానికి అందులో ఏముంది? తీగ తెగినా మిగిలినవి దాదాపు శ్రుతిలోనే ఉంటాయి కాబట్టి ఆ పాట అయిదు తీగలతో గట్టెక్కుతుంది. స్క్వైర్ పేరుతో అదే కంపెనీవి చవకలో దొరుకుతాయి. పెళ్లి పందిట్లో అవి చాలు.

ఒక చిక్కు మాత్రం ఉంది. టెలికాస్టర్‌లో ఉండే సింగిల్ కాయిల్ పికప్పులు మన 50 హెర్ట్జ్ కరెంటు గుంయిమనే మోతను తీగల నాదంతోపాటే పట్టుకుంటాయి. రంగు దీపాల డిమ్మర్లు దగ్గరలో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ఈ మోతను అణచడానికే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు తీగచుట్లుండే హంబకర్ పికప్ రూపొందించాడు. మీ వేదికలన్నీ దీపాల మయమైతే యమహా పసిఫికా 112 చూడండి. దానికి బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్ ఉంటాయి. దాని బ్రిడ్జి కూడా కదిలేదే, కానీ దానికి మందుంది. వెనక మూత తీసి, స్ప్రింగులను పట్టి ఉంచే రేకు స్క్రూలు రెండూ బిగిస్తూ పోతే బ్రిడ్జి చెక్కకు ఆనుకుని కదలకుండా కూర్చుంటుంది. ఆ తర్వాత తీగల ఎత్తు, శ్రుతి మరోసారి సరిచూసుకోండి.

ఇక ఆంప్. 100 వాట్లంటే 50 వాట్లకు రెట్టింపు మోత అనుకునేవారు చాలామంది. తేడా 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి. పైగా మీ పెళ్లిళ్లలో జనానికి గిటార్ వినిపించేది సౌండ్ వాళ్ల పెట్టెల్లోంచి. ఆంప్ మీకూ, మీ పక్కన ఉన్న డ్రమ్ములాయనకూ వినిపిస్తే సరిపోతుంది. బాస్ (Boss) కంపెనీ కటానా 50 లాంటిది ఒక్క 12 అంగుళాల స్పీకర్‌తో సుమారు 12 కిలోలు ఉంటుంది, ఒక చేత్తో ఎత్తవచ్చు. స్కూటర్ మీద కాళ్ల దగ్గర నిలబెట్టి, తాడుతో కట్టండి. ఎకోలు, డిస్టార్షన్లు అందులోనే ఉన్నాయి కాబట్టి పెడళ్ల బోర్డు ఇంట్లోనే ఉండిపోతుంది. ఒక్క ట్యూనర్ పెడల్ మాత్రం జేబులో వేసుకోండి. తొక్కితే శబ్దం ఆగిపోయి శ్రుతి కనబడేది తీసుకోండి. పాటల మధ్య మీరు తీగలు మీటుతుంటే యాంకరమ్మ మాటలు ఎవరికీ వినబడవు మరి.

ఆంప్‌ను నేల మీద పెట్టకండి. గిటార్ స్పీకర్ పదునంతా తిన్నగా ముందుకే కొడుతుంది. నేల మీద పెడితే అది మీ మోకాళ్లకూ, ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషుల చెవులకూ చేరుతుంది, మీకు మాత్రం మందంగా వినబడుతుంది. దాంతో మీరు ఇంకా పెంచుతారు. ఒక ప్లాస్టిక్ కుర్చీ అడగండి, పందిట్లో వాటికి కరువుండదు.

సౌండ్ వాళ్ల మిక్సర్‌కు ఆంప్ శబ్దాన్ని పంపే దారి ఉందేమో కొనేముందే చూసుకోండి. కొన్ని ఆంపుల్లో హెడ్‌ఫోన్ రంధ్రంలో జాక్ పెట్టగానే స్పీకర్ మూగబోతుంది. మిక్సర్‌కు వైరు కలిపే లైన్ అవుట్ విడిగా ఉంటే మంచిది. లేకపోతే స్పీకర్ ముందు మైకు పెట్టించండి. షూర్ ఎస్‌ఎం57 సౌండ్ వాళ్లలో చాలామంది దగ్గర ఉంటుంది. స్పీకర్ నడిమధ్యన గుండ్రని మూత ఉంటుంది కదా, దాని అంచుకు ఎదురుగా, జాలికి అంగుళం దూరంలో మైకు నిలపమనండి. నడిమికి జరిపితే శబ్దం గీరుకుపోతుంది, బయటికి జరిపితే మెత్తబడుతుంది.

బ్యాటరీలతో నడిచే ఆంపులు కూడా ఉన్నాయి. రోలండ్ క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ ఎనిమిది పెన్సిల్ సెల్స్‌తో పాడుతుంది. అపార్టుమెంట్ మేడ మీద బాగుంటుంది. పెళ్లిలో కరెంటు పోతే మిక్సర్ కూడా పోతుంది, మీరొక్కరే వాయించి ఏం లాభం?

సంచి జేబులో అదనపు కేబులు, ఒక తీగల సెట్టు, కత్తెర ఉండాలి.

ప్రశ్న: గిటార్ వాయిస్తూ పాడేటప్పుడు మైకుకు పెదవి తగిలితే షాక్ కొడుతోంది. గిటార్ మార్చాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు పాడటం ఆపండి. తప్పు గిటార్‌ది కాకపోవచ్చు. మీ తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్ ఎర్త్‌కు, మైకు జాలి మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఒకటి జనరేటర్ లైనులో, ఇంకొకటి ఇంటి లైనులో ఉన్నా, ఏదో ఒకదానికి ఎర్త్ అసలే లేకున్నా ఆ రెండింటి మధ్య వోల్టేజీ నిలుస్తుంది. దారి మీ పెదవి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించి, ఆంప్, మిక్సర్ రెండింటినీ ఒకే బోర్డులో పెట్టించండి. మోత తగ్గుతుందని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు, వాళ్లను వేదిక ఎక్కనివ్వకండి. వాయించే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక ముల్లు తీగకు, రెండోది మైకు జాలికి తాకించమనండి. సూచీ నాలుగైదు వోల్టులు దాటితే ఆ రోజు పాడకండి. మైకుకు తొడిగే స్పాంజి పెదవిని కొంత దూరం పెడుతుందే తప్ప రోగం కుదర్చదు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉండే మా బావగారు సంక్రాంతికి వస్తూ నా కోసం వాల్వు ఆంప్ (గాజు వాల్వులతో పనిచేసేది) తెస్తానంటున్నారు. తెమ్మనమంటారా?
– ఎస్., తెనాలి

జవాబు: వద్దనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. గోడకు పెట్టగానే అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనవచ్చు గానీ దాన్ని మోసేది మీరే. కొనేటట్లయితే ఆంప్ వెనక పట్టీ మీద రాసిన కరెంటు వినియోగం చూసి, అంతకు మించినది తీసుకోవాలి. 15 వాట్ల వాల్వు ఆంప్ గోడ నుంచి లాగేది 15 వాట్లు కాదు, అంతకు కొన్ని రెట్లు. గిటార్‌కు ఏ దేశమైనా ఒకటే, అది తెమ్మనండి. మనసు చిన్నబుచ్చుకుంటారనుకుంటే 10–46 (అంటే సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళం) తీగల సెట్లు అర డజను రాయించండి, పెట్టెలో మూల పడి ఉంటాయి.