గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కనిగిరి దగ్గర ఒక పల్లె. నా వయసు 41. ముట్టు సమయంలో రక్తం ఎక్కువగా పోతోందని 35వ ఏట గర్భసంచి తీయించుకున్నాను. ఆపరేషన్ అయిన నెలలోపే ఒళ్లంతా సెగలు, చెమటలు మొదలై రెండేళ్లు వేధించాయి. ఈ మధ్య ఊళ్లో పెట్టిన ఉచిత శిబిరంలో కాలి మడమను యంత్రంలో పెట్టి చూసి, ఎముకలు గుల్లబారుతున్నాయని కాల్షియం బిళ్లలు ఇచ్చారు. నడుము నొప్పి కూడా ఉంది. మా అమ్మ జారిపడి తుంటి విరిగి, ఆరు నెలలు మంచాన పడి పోయింది. నాకూ అదే గతి పడుతుందేమోనని భయంగా ఉంది. ఈ బిళ్లలు వాడితే చాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట, ఆపరేషన్ అయిన నెలలోపే సెగలు మొదలయ్యాయన్నది. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలను ఉంచితే ముట్లు ఆగిపోతాయి గాని, ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారవుతూనే ఉంటుంది. అంత త్వరగా సెగలు వచ్చాయంటే రెండు అండాశయాలనూ తీసివేసి ఉండవచ్చు. దాచిపెట్టుకున్న డిశ్చార్జి కాగితం ఉంటే ఒకసారి బయటికి తీయండి. అందులో ‘టీఏహెచ్’ అని మాత్రమే ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారని, దాని పక్కన ‘బీఎస్ఓ’ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు కూడా ఉంటే రెండు అండాశయాలను, వాటి నాళాలను తీశారని అర్థం. ఆ మూడు అక్షరాలు తమ కాగితంలో ఉన్నాయని ఏళ్ల తరబడి తెలియని స్త్రీలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ముందు వరుసలో ఉన్నాయి. అందువల్ల అండాశయాల సంగతి ఆపరేషన్‌కు ముందే విడమరిచి చెప్పవలసిన బాధ్యత మా డాక్టర్లదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఎముకకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? మన ఎముకల్లో పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను పోసే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. కరిగించే కణాలకు ఈస్ట్రోజెన్ కళ్లెం వేసి ఉంచుతుంది. మన దేశంలో సగటున 46–47 ఏళ్లకు ముట్లుడుగుతాయి. ఆఖరి ముట్టుకు ఏడాది ముందు నుంచి, ఆ తర్వాత రెండు మూడేళ్ల వరకు ఎముక అన్నిటికంటే వేగంగా తరిగిపోతుంది. అండాశయాలు తీసి ఉంటే మీకు ఆ కళ్లెం పదేళ్లు ముందుగా, ఒక్క రోజులో తెగిపోయినట్లే.

అయితే మడమ పరీక్షతో జబ్బు నిర్ధారణ కాదు. తుంటికి, వెన్నుకు డెక్సా స్కాన్ (ఎముక సాంద్రతను కొలిచే ఎక్స్‌రే పరీక్ష) చేయించుకోవాలి. అందులో టీ స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువతుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 1 వరకు ఉంటే ఫరవాలేదు, మైనస్ 2.5 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే గుల్లబారినట్లు. ఆ రెండింటి నడుమ ఉంటే పలచబడడం మొదలైనట్లు. మీది కనిగిరి ప్రాంతం అంటున్నారు కాబట్టి, చాలాకాలం ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. ఫ్లోరైడ్ చేరిన ఎముక స్కానులో దట్టంగా కనిపించినా లోపల పెళుసుగా ఉండవచ్చు.

గుల్లబారడం వల్ల నొప్పి రాదు, ఎముక విరిగినప్పుడే వస్తుంది. కనుక మీ నడుము నొప్పి కండరాలది కావచ్చు. ఉన్నట్టుండి వెన్ను కలుక్కుమన్నా, ఎత్తు తగ్గినట్లు అనిపించినా ఎక్స్‌రే తీయించండి. నొప్పి తగ్గిస్తాయని పేరూ ఊరూ లేని పొడులు మాత్రం వాడకండి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే ఎముకలను ఇంకా తినేస్తుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, కాల్షియం బిళ్లలు అవసరమే కావచ్చు గాని వాటితోనే సరిపోదు. చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి, సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇవ్వడం సాధారణంగా మేలు. గర్భసంచి లేనివారికి ఆ ఒక్క హార్మోనే చాలు, గర్భసంచి ఉన్నవారికి ఇచ్చే రెండో హార్మోన్ ప్రొజెస్టరాన్ కలపనక్కరలేదు. రొమ్ము క్యాన్సర్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, కాలేయ జబ్బు వంటివి ఉన్నవారికి ఇది పనికిరాదు. అలాంటప్పుడు, ఎముక బాగా పలచబడి ఉంటే, ఎముక కరగకుండా ఆపే వేరే మందులున్నాయి.

ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 360, గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. పెరుగు, నువ్వులు, మునగాకు, తోటకూర కూడా మంచివే. పాలకూరలో ఉన్న కాల్షియం ఒంటికి పెద్దగా పట్టదు. తిండిలో తక్కువైనంత మేరకే బిళ్ల వేసుకోండి, కాల్షియం కార్బొనేట్ అయితే అన్నం తిన్న వెంటనే. థైరాయిడ్ బిళ్ల వాడుతుంటే దానికీ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. విటమిన్ డి రక్తపరీక్ష చేయించకుండా 60,000 యూనిట్ల పొట్లాలను నెలల తరబడి వేసుకోవద్దు.

నడక, మెట్లు ఎక్కడం, చేతులతో కొద్దిపాటి బరువులెత్తడం ఎముకకు బలాన్నిస్తాయి. నడుము వంచి నీళ్ల బిందె ఎత్తడం మాత్రం మానండి. తల్లికి తుంటి విరిగి ఉండడం మీ ప్రమాదాన్ని కొంత పెంచే సంగతే కనుక, డెక్సా రిపోర్టు, డిశ్చార్జి కాగితం రెండూ పట్టుకుని ఈ నెలలోనే గైనకాలజిస్టును కలవండి. కాగితం దొరక్కపోతే, అండాశయాలు ఉన్నాయో లేవో ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాలు పనిచేయకపోతే పెరిగే హార్మోన్) రక్తపరీక్ష, స్కానింగుల ద్వారా వారు చాలావరకు తేల్చగలుగుతారు.