తాత్కాలిక నాయకురాలు కావాలంటున్న అమ్మాయి

ప్రశ్న: మేము కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని సర్రేలో ఉంటాం. మా అమ్మాయి పొలిటికల్ సైన్స్ మూడో సంవత్సరం. పర్యావరణం కోసం పనిచేసే గ్రీన్ పార్టీలో వాలంటీరుగా తిరుగుతూ, ఆ పార్టీని ఇక్కడ నడిపిన ఆడం ఓల్సెన్‌లా ఎదుగుతానంటోంది. ఆయన రెండుసార్లూ తాత్కాలిక నాయకుడేనట కదా! ఇదీ ఒక కెరీరేనా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, తాత్కాలిక నాయకత్వాన్ని ఉద్యోగంగా లెక్కేసుకోవద్దు. పాత నాయకుడు తప్పుకున్నాక, కొత్తవారు వచ్చేదాకా, అందరూ నమ్మే మనిషికి అప్పగించే బాధ్యత అది. ఆ నమ్మకం ఓల్సెన్‌కు ఎలా వచ్చిందో మీ అమ్మాయి చూడాలి.

ఆయన త్సార్ట్‌లిప్ ఆదివాసీ సమాజానికి చెందినవారు. 2008లో సొంత ప్రాంతమైన సెంట్రల్ సానిచ్‌లో కౌన్సిలర్ అయ్యారు. 2013లో రాష్ట్ర శాసనసభకు పోటీచేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఏడాదే పార్టీ పగ్గాలు చేతికొచ్చాయి. సభలో గ్రీన్ పార్టీకి ఉన్న ఒకే ఒక్క సీటు ఆండ్రూ వీవర్‌ది, నాయకుడికేమో సీటు లేదు! అలాగే 2015 చివరిదాకా నెట్టుకొచ్చి, వీవర్‌కు అప్పగించి, 2017లో తాను గెలిచారు.

2020 జనవరిలో వీవర్ తప్పుకోగానే మళ్ళీ ఓల్సెనే తాత్కాలిక నాయకుడు. ఇంతలో కోవిడ్ వచ్చిపడింది. సెప్టెంబరు 14న సోనియా ఫర్స్టెనో నాయకురాలిగా ఎన్నికయ్యారు. సరిగ్గా వారానికి ముఖ్యమంత్రి జాన్ హోర్గన్ ముందస్తు ఎన్నికలు ప్రకటించారు. కొత్త నాయకురాలికి సర్దుకునే వ్యవధే లేదు. అయినా ఆమె, ఓల్సెన్ ఇద్దరూ గెలిచారు. మధ్యకాలంలో పార్టీని చెదరనివ్వకుండా ఉంచడం ఎంత విలువైన పనో నాకు అక్కడే కనిపిస్తుంది. పేరు రాదు, పని మాత్రం కొండంత.

ఇక మీ అసలు బెంగ, జీతం. చిన్న పార్టీలో ఎమ్మెల్యే ఆఫీసు సిబ్బంది, పరిశోధకులు లాంటి కొలువులు కొన్నే. సీటు పోతే చాలావరకు అవీ పోతాయి. కాబట్టి రాజకీయాలతో సంబంధం లేకుండా కూడా తిండిపెట్టే నైపుణ్యం ఒకటి చేతిలో ఉండాలి. గణాంకాలో, ప్రభుత్వ బడ్జెట్ల విశ్లేషణో, న్యాయశాస్త్రమో, ఏదైనా సరే. డిగ్రీ అయ్యాక విక్టోరియాలోని శాసనసభ ఇచ్చే ఇంటర్న్‌షిప్‌కు తప్పక ప్రయత్నించమనండి. దానికి భృతి ఇస్తారు, సభ లోపలి పని దగ్గర్నుంచి చూడొచ్చు.

ఇంకో మాట. ఆమెకు కెనడా పౌరసత్వం ఉందో లేదో మీరు రాయలేదు. పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీదుంటే అక్కడ ఓటు వేయడానికీ వీల్లేదు, పోటీకీ వీల్లేదు. ముందు ఆ సంగతి చూడండి. 2026 అక్టోబరులో అక్కడ స్థానిక ఎన్నికలున్నాయి. సర్రేలో నచ్చిన కౌన్సిల్ అభ్యర్థి వెంట ఇంటింటికీ తిరగమనండి. తలుపు తీసినవాళ్ళ ఫిర్యాదులు ఓపిగ్గా రాసుకుని, మర్నాడు మళ్ళీ వెళ్ళాలనిపిస్తే, ఆ అమ్మాయిని ఆపకండి.