ట్రాన్స్‌ఫర్ కాగితం మీద సంతకం ఎవరిది?

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఉంటాను, మా అక్కవాళ్ళు వేరే జిల్లాలో. ఊరి పేరు రాయట్లేదు. మాది క్యాథలిక్ కుటుంబం. అక్క కొడుక్కి 13 ఏళ్ళు, పూజలో ఫాదర్‌కి సాయం చేసే ఆల్టర్ బాయ్‌గా ఉండేవాడు. రెండు నెలలుగా ఆదివారం వస్తే చాలు కడుపునొప్పి అంటున్నాడట. సెలవులకి మా ఇంటికొచ్చారు, అక్క బ్యాగ్‌లోంచి వాడి తెల్ల అంగీ తీసి ఇస్త్రీ చేస్తుంటే లాక్కుని మంచం కిందకి విసిరేశాడు. అప్పుడు చెప్పాడు, పూజ అయ్యాక ఫాదర్ గారు గదిలో ఏం చేసేవారో. విచారణ (పారిష్, అంటే మా చర్చి పరిధి) పెద్దలకి ఫోన్ చేస్తే "పైకి చెప్పాం, ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది, పోలీసులంటే గుడి పరువు పోద్ది, పిల్లాడి పేరు పేపర్లో పడుద్ది" అంటున్నారు. పైవాళ్ళని అడిగే హక్కు మాకుందా?
– ఒక పిన్ని

జవాబు: ఉందమ్మా, నూటికి నూరుపాళ్ళు ఉంది.

ముందు బాబు సంగతి. వాడు నోరు విప్పాడు, అది చాలా పెద్ద ధైర్యం. మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించకండి. చెప్పింది వాడి మాటల్లోనే డేట్ వేసి రాసిపెట్టుకోండి, ఫోన్‌లో మెసేజ్‌లేమైనా ఉంటే డిలీట్ చేయొద్దు.

ఇక ట్రాన్స్‌ఫర్. నేనూ గుడిలోనే పెరిగినదాన్ని, అదెలా జరుగుతుందో చూశాను. పూజ చివర అనౌన్స్ చేస్తారు, తర్వాతి ఆదివారం వీడ్కోలు, శాలువా, పూలదండ, క్వయర్ పిల్లల పాట, ఆపైన భోజనాలు. ఆ పాట పాడే వరసలో మీ బాబు లాంటి పిల్లాడుంటే వాడూ చప్పట్లు కొట్టాలి. ఇంకో ఊళ్ళో అదే మనిషికి మళ్ళీ దండ వేసి స్వాగతం చెప్తారు, అక్కడి తల్లులకి ఏమీ తెలీదు. పారిష్‌ని మనం విచారణ అంటాం కదా, పిల్లాడు కడుపునొప్పి అని మానేస్తుంటే ఎందుకురా అని విచారించిన పెద్ద ఒక్కరూ లేకపోయారా అని నాకు బాధ.

2002లో అమెరికాలో బోస్టన్ గ్లోబ్ పేపర్ బయటపెట్టింది కూడా ఇదే. జాన్ గేగన్ అనే ఫాదర్ మీద కంప్లైంట్లు వస్తున్నా ఒక విచారణ నుంచి ఇంకో విచారణకి పంపుతూ పోయారు, చివరికి ఆరోపణలు చేసినవాళ్ళు 130 మంది దాటారు. అక్కడి చర్చి పెద్ద, కార్డినల్ బెర్నార్డ్ లా ఆ డిసెంబర్‌లో రాజీనామా చేశారు, కానీ 2004లో ఆయనకి రోమ్‌లో ఒక పెద్ద చర్చి (బసిలికా) బాధ్యత అప్పగించారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కాన్సాస్ సిటీ బిషప్ రాబర్ట్ ఫిన్‌కి, తన కింద ఫాదర్ సంగతి పోలీసులకి చెప్పనందుకు 2012లో కోర్టులో శిక్ష పడింది, అయినా 2015 దాకా బిషప్‌గానే ఉన్నారు.

మన దేశంలో పిల్లల మీద లైంగిక నేరాలకి 2012 పోక్సో చట్టం ఉంది. సెక్షన్ 19 ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, ఫాదర్లకి బిషప్‌లకి మినహాయింపేం లేదు. సెక్షన్ 21 ఇంకా స్పష్టం, సంస్థని నడిపే మనిషి తన కింద పనిచేసేవాడి నేరం తెలిసీ చెప్పకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. మీ పెద్దలు "పైకి చెప్పాం" అన్నారు కదా, ఎవరికి, ఏ రోజు, కాగితం మీదా నోటిమాటగానా, అవన్నీ అడిగి రాసుకోండి. కంప్లైంట్ విని ట్రాన్స్‌ఫర్ మీద సంతకం పెట్టారంటే విషయం తెలిసే పెట్టారన్నమాట, ఆ సంతకం పెట్టినాయన కూడా జవాబు చెప్పాలి. తేలికని మాత్రం చెప్పను. కేరళలో ఒక మైనర్ అమ్మాయి మీద అత్యాచారం జరిగిన కొట్టియూర్ కేసులో 2019లో ఫాదర్‌కి 20 ఏళ్ళు పడింది (2021లో హైకోర్టు పదేళ్ళకి తగ్గించింది) గానీ, విషయం దాచారన్న మిగతా నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. అందుకే కాగితం ముఖ్యం.

చర్చి సొంత రూలు కూడా మీవైపే ఉంది. 2019లో పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, దర్యాప్తుని అడ్డుకున్న బిషప్ మీద కూడా కంప్లైంట్ ఇవ్వొచ్చు, కంప్లైంట్ ఇచ్చినవాళ్ళని నోరు మూసుకోమనకూడదు. అక్కడా రాసివ్వండి, రిసీవ్డ్ స్టాంప్ వేయించుకోండి, కానీ పోలీసుల తర్వాతే.

పేరు పేపర్లో పడుతుందన్నది ఉత్త బెదిరింపు, పిల్లల పేరు, ఫొటో, స్కూలు బయటపెడితే సెక్షన్ 23 కింద అదే నేరం. స్టేట్‌మెంట్ ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు. ఊరికి వెళ్ళక్కర్లేదు, జీరో ఎఫ్ఐఆర్ హైదరాబాద్‌లోనే ఏ స్టేషన్‌లోనైనా రాయించొచ్చు, ఆడవాళ్ళకి, పిల్లలకి సాయం చేసే భరోసా సెంటర్ కూడా ఉంది. ఎటూ తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. అక్కని ఒక్కదాన్నే పంపకుండా మీరూ వెళ్ళండి. ఆ అంగీ మాత్రం బాబు కంటపడకుండా దాచేయండి.