ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు మారేవారు ముందు తమ నంబరును విడిపించుకోవాలి

అమెరికాకు కొత్తగా వచ్చిన మన విద్యార్థులు, ఉద్యోగులు తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది. ఫోన్ మార్చిన తర్వాత బ్యాంకు ఓటీపీలు వస్తున్నాయి, కాల్స్ వస్తున్నాయి, కానీ కొందరు మిత్రుల మెసేజీలు మాత్రం రావడం లేదు, సిమ్ పాడైందా అని అడుగుతుంటారు. సిమ్‌లో లోపమేమీ లేదు. ఐఫోన్ వాడి ఆండ్రాయిడ్‌కు మారినవారికి ఎదురయ్యే ఇబ్బంది ఇది.

మన దగ్గర ఇంటి విషయాలూ ఆఫీసు విషయాలూ వాట్సాప్‌లోనే నడుస్తాయి కనుక ఫోన్‌లోని మామూలు మెసేజీలను మనం పెద్దగా పట్టించుకోము. ఇక్కడ ఇంటి యజమాని, తోటి విద్యార్థి, పిల్లల బడిలో పరిచయమైన తల్లిదండ్రులు చాలావరకు ఆ మామూలు మెసేజీలలోనే రాస్తారు, వారిలో ఐఫోన్ వాడేవారు చాలామంది ఉంటారు. అందువల్ల ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

ఐఫోన్‌లో ఐమెసేజ్ ఆన్ చేసినప్పుడు మీ నంబరు యాపిల్ సర్వర్లలో నమోదవుతుంది. 2011లో వచ్చిన ఈ సేవలో, ఒక ఐఫోన్ నుంచి మరో ఐఫోన్‌కు పంపే మెసేజీ మొబైల్ కంపెనీ ఎస్సెమ్మెస్‌గా కాక ఇంటర్నెట్ ద్వారా వెళుతుంది, పంపినవారి తెరపై నీలం రంగులో కనిపిస్తుంది. సిమ్ తీసి ఆండ్రాయిడ్‌లో వేసుకున్నంత మాత్రాన ఆ నమోదు వెంటనే రద్దవుతుందని నమ్మడానికి లేదు. మిత్రుడి ఐఫోన్ మీ నంబరును ఇంకా ఐఫోన్‌గానే భావించి, నీలం రంగులో మెసేజీ పంపిస్తూనే ఉంటుంది, అది మీ కొత్త ఫోన్‌కు చేరదు. బ్యాంకు ఓటీపీలూ, ఆండ్రాయిడ్ వాడే మిత్రుల మెసేజీలూ ఈ దారిలో రావు కనుక యథావిధిగా అందుతాయి, అందుకే లోపం ఎక్కడుందో చాలా రోజుల వరకు ఎవరికీ తెలియదు. అనుమానం వస్తే ఆ మిత్రుడి ఫోన్ ఒకసారి చూడండి. మీకు పంపిన మెసేజీ నీలంగా ఉండి, దాని కింద ‘డెలివర్డ్’ అన్న మాట లేకపోతే కారణం చాలావరకు ఇదే. ఆ మాట ఉండి కూడా మీకు అందకపోతే, మీ యాపిల్ ఖాతాతో తెరిచి ఉన్న ఐప్యాడ్‌కో మ్యాక్‌కో అది చేరుతూ ఉండవచ్చు.

పాత ఐఫోన్ ఇంకా చేతిలో ఉండగానే ఈ పని ముగించుకోవడం అన్నిటికంటే మేలు. సిమ్ ఐఫోన్‌లోనే ఉంచి, మొబైల్ డేటా ఆన్‌లో ఉండగా, సెట్టింగ్స్‌లో మెసేజెస్ విభాగానికి వెళ్లి ఐమెసేజ్‌ను ఆఫ్ చేయండి, యాపిల్ వీడియో కాల్ సేవ అయిన ఫేస్‌టైమ్‌ను కూడా ఆఫ్ చేయండి. భారతీయ సిమ్, అమెరికా సిమ్ రెండూ ఒకే ఐఫోన్‌లో వాడినవారు రెండు నంబర్లూ నమోదై ఉండవచ్చని గుర్తుంచుకోవాలి. పాత ఐఫోన్‌ను ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పంపించేవారు యాపిల్ ఖాతా నుంచి తప్పనిసరిగా సైన్ అవుట్ కావాలి, లేకపోతే మీకు రావలసిన మెసేజీలు వారి చేతిలోని ఫోన్‌లో మోగే అవకాశం ఉంది.

ఫోన్ ఇప్పటికే అమ్మేసినా దారి ఉంది. ఐమెసేజ్ నుంచి నంబరు తొలగించడానికి యాపిల్ 2014 నవంబరు నుంచి తన వెబ్‌సైట్‌లో ఒక పేజీ నిర్వహిస్తోంది. అందులో దేశం ఎంచుకుని నంబరు ఇస్తే ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లో ఆరంకెల కోడ్ వస్తుంది, దానిని అక్కడ నమోదు చేస్తే సరిపోతుంది. ఆ కోడ్ అందుకోవడానికి నంబరు మీ చేతిలోనే ఉండాలి కనుక, ఫోన్‌తో పాటు నంబరునూ వదులుకోదలచినవారు ముందు ఈ పని చేసి ఆ తర్వాతే నంబరు వదలాలి. పాత గ్రూపుల విషయంలో మాత్రం ఇంతటితో సరిపోకపోవచ్చు. మిత్రులు పాత సంభాషణను తొలగించి, మిమ్మల్ని చేర్చి కొత్త గ్రూపు మొదలుపెట్టవలసి రావచ్చు.

ఇండియా నుంచి తెచ్చుకున్న ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్ కొనేవారు కూడా ఒక జాగ్రత్త తీసుకోవాలి. గూగుల్ మెసేజెస్‌లో ఆర్‌సీఎస్ చాట్స్ (ఎస్సెమ్మెస్‌కు బదులు ఇంటర్నెట్ ద్వారా మెసేజీలు, ఫొటోలు పంపే పద్ధతి) ఆన్‌లో ఉంటే మారేముందే వాటిని ఆఫ్ చేయండి. పాత ఫోన్ లేనివారికి గూగుల్ కూడా ఇలాంటి వెబ్ పేజీనే ఏర్పాటు చేసింది. 2024 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 నుంచి ఐఫోన్‌లోనూ ఆర్‌సీఎస్ ఉంది. దానివల్ల ఐఫోన్, ఆండ్రాయిడ్‌ల మధ్య పంపుకునే ఫొటోలు మునుపటిలా మసకబారకుండా చేరుతున్నాయి, అయితే మీ మొబైల్ కంపెనీ కూడా దానికి మద్దతు ఇవ్వాలి.

వాట్సాప్ సంగతి వేరు. ఆండ్రాయిడ్‌లో దాని బ్యాకప్ గూగుల్ ఖాతాలోనూ, ఐఫోన్‌లో యాపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లోనూ ఉంటుంది, ఒకదానిలోని బ్యాకప్‌ను మరొకటి తెరవలేదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వచ్చేవారు కొత్త ఫోన్‌ను మొదటిసారి సిద్ధం చేసుకునేటప్పుడే ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్ ద్వారా చాట్స్ తెచ్చుకోవాలి. భారతీయ నంబరుతోనే వాట్సాప్ కొనసాగిస్తున్నవారు ఫోన్ మార్చే ముందు ఆ సిమ్‌కు రీచార్జి ఉందో లేదో, దానికి రోమింగ్‌లో ఎస్సెమ్మెస్‌లు వస్తున్నాయో లేదో చూసుకోవాలి, ఎందుకంటే కొత్త ఫోన్‌లో అడిగే కోడ్ ఆ నంబరుకే వస్తుంది.