జీవితంలో లక్ష్యం లేదనిపించి, కొత్తవారితో మాట్లాడే ధైర్యమూ లేనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

బెంగళూరులో ఆఫీసు, గది తప్ప మరో లోకం లేకుండా గడుపుతున్నానని, ముందు ఒక లక్ష్యం దొరికితే ధైర్యం దానంతటదే వస్తుందని ఎదురుచూస్తున్నానని మీరు రాశారు. నా అనుభవంలో ఈ వరుస తారుమారైంది. చేతనైన చిన్న పని ముందు వచ్చింది, దాని వెనుక ధైర్యం వచ్చింది, లక్ష్యం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది.

కర్నూలు నుంచి ఇక్కడికి వచ్చిన తొలి రోజుల్లో నేను ఆఫీసు మీటింగుల్లో నోరు విప్పేవాణ్ణి కాదు. చూపు లేని కాలేజీ విద్యార్థులకు పాఠాలు చదివి, రికార్డు చేసి పంపేవారు కావాలని తెలిసినప్పుడు, ఎవరి ఎదుటా నిలబడనక్కరలేని పని కాబట్టి ఒప్పుకున్నాను. రాత్రిపూట భోజనమయ్యాక కొన్ని పేజీలు ఫోనులో చదివేవాణ్ణి. పటాలు, పట్టికలు వచ్చినచోట వాటిని మాటల్లో వర్ణించవలసి వచ్చేది. ఒకరోజు ఒక విద్యార్థిని ఫోన్ చేసి, అర్థశాస్త్రంలోని డిమాండు రేఖను, అంటే ధరను బట్టి జనం ఒక వస్తువును ఎంత కొంటారో చూపే గీతను, మరోసారి వివరించమని అడిగింది. ఎడమ నుంచి కుడికి ఎందుకు కిందికి దిగుతుందో, ధర పెరిగితే దాని మీద మనం ఎటు జరుగుతామో ఆమెకు చెబుతూ, ముక్కూ మొహం తెలియని మనిషితో చాలాసేపు మాట్లాడుతున్నానన్న సంగతే మరచిపోయాను. నా దృష్టి నా భయం మీద నుంచి ఆమె అవసరం మీదికి మళ్లడమే అందుకు కారణమని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ తరువాత ఒక కాలేజీ అంతర్గత పరీక్షలో స్క్రైబ్‌గా, అంటే చూపు లేని విద్యార్థి చెప్పే జవాబులను రాసిపెట్టే వ్యక్తిగా, కూర్చున్నాను. ప్రశ్నను స్పష్టంగా చదవాలి, అడిగితే మళ్లీ చదవాలి, చెప్పిన జవాబు తప్పని తెలిసినా ఒక్క మాట మార్చకుండా రాయాలి. కన్నడ మాధ్యమం విద్యార్థుల కోసం కన్నడం రాయడం కూడా నేర్చుకున్నాను. లిపి మనకు దగ్గరిదే కాబట్టి చదవడం త్వరగా పట్టుబడింది కానీ, క, త, శ వంటి అక్షరాలకు చేతిని అలవాటు చేయడానికి సాధన కావలసి వచ్చింది. ఇప్పుడు కొత్తగా చదవడానికి వచ్చేవారికి పని నేర్పుతున్నాను. నా వారమంతా దాని చుట్టూనే అమరుతుంది.

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లో రాసిన వ్యాసంలో, మనవల్ల అవుతుందన్న నమ్మకానికి ఇతరుల ప్రోత్సాహం కన్నా స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే బలమైన ఆధారమని వివరించారు. అందుకే మీరు ఎంచుకునే పని ఇవాళే పూర్తయ్యేంత చిన్నదిగా, దాని కోసం ఎదురుచూసే మనిషి ఒకరు ఉండేదిగా చూసుకోండి. అది బరువనిపించడం మానేవరకు తరువాతి మెట్టు గురించి తొందరపడకండి.

అయితే నిద్ర, ఆకలి తగ్గి, దిగులు వారాల తరబడి వదలకపోతే ఇవన్నీ పక్కనపెట్టి ముందు వైద్యుణ్ణి కలవండి. మానసిక ఆరోగ్య సహాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు, మానసిక వైద్యం అందించే నిమ్హాన్స్ ఆసుపత్రి కూడా మన బెంగళూరులోనే ఉంది.

స్క్రైబ్ పని మీద ఆసక్తి కలిగితే, స్క్రైబ్ విద్యార్హత గురించిన నిబంధనలు పరీక్షను బట్టి మారతాయి కాబట్టి కాలేజీని ముందే అడగండి. పాఠాలు చదివి రికార్డు చేయడానికి మాత్రం అటువంటి అడ్డంకి లేదు, దానితో ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.